మేడ నెత్తిన సూది

జనవరి 9

ఏమోయ్ బావమరిదీ,

క్షేమమా అని అడగను. క్షేమంగానే ఉన్నావని నిన్నటి పత్రికలో నీ ఫొటో చెప్పింది. గడ్డం కింద చెయ్యి, పక్కన గాజుపెట్టెలో మేడ నమూనా, వెనకాల ఆ మేడ కట్టిస్తున్న ఆసామి. వాడి చెయ్యి నీ భుజం మీద. నిన్ను కట్టడాల కాలేజీలో చేర్పించడానికి వెంటబెట్టుకు వెళ్లిన రోజు నా చెయ్యి కూడా అదే భుజం మీద ఉంది. అప్పుడది భుజం. ఇప్పుడది ఎవరు పడితే వాళ్లు ఆనుకునే మెట్ల కమ్మీ.

మా వీధి చివరి పోస్టాఫీసును నేలమట్టం చేసి నెలలయింది. నా జన్మలో నేను పాఠాలు చెప్పింది వందల కట్టడాల గురించి. నేను కట్టింది ఒక్కటి. అది ఆ పోస్టాఫీసే. దాని నేల మీద నువ్వు మేడ లేపుతున్నావు. సరే, మింగేశాను. ఈ ఉత్తరం వేయడానికి ఇప్పుడు నేను బస్సు డిపో దాకా నడవాలి. అదీ మింగేశాను. ఆ మేడ నెత్తి మీది సూది శిఖరం మాత్రం నా గొంతు దిగడం లేదు.

పత్రిక చదివి వినిపిస్తుంటే మీ అక్క ఆపింది.

"సూదంటే ఎంత సూది?"

"మేడలో నాలుగోవంతు."

"లోపల మనుషులుంటారా?"

"ఉండరు. గాలి ఉంటుంది."

"మనుషులు ఉండని చోటి మీద మీకెందుకంత కోపం?" అంది. నీ అక్క కదా, అలాగే ఉంటుంది.

శిఖరాల చరిత్ర నీకు చెప్పింది నేనే. పాతవాళ్లు గంట వేలాడదీయడానికి శిఖరం కట్టారు. ఓడలకు దారి చూపడానికి కట్టారు. పిడుగును పట్టుకుని నేలలోకి దింపడానికి కట్టారు. ప్రతి సూదికీ ఒక పని ఉండేది. నీ సూదికి పనేమిటి? నగరంలో అందరికన్నా ఎత్తు నాదే అని నీ ఆసామి చెప్పుకోవడానికా? పొట్టివాడు గ్రూపు ఫొటోలో మునివేళ్ల మీద లేచినట్టుంది.

ఇంటి సంగతి. మీ అక్క చూపు మధ్యలో మసకబారింది, అంచుల్లో మిగిలింది. దీపం వెలుతురు ఆ కళ్లకు చాలదని, ఎండ అయితే కొంత పనికొస్తుందని కంటి డాక్టరు తేల్చేశాడు. మధ్యాహ్నం దాటాక పడమటి కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతుంది. అది ఉన్నంతసేపే ఆమె పుస్తకాల బైండింగు. ఇప్పుడు నా నిఘంటువు విప్పి మళ్లీ కుడుతోంది. ఎండ పోగానే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. నీ మేడ లేచేది సరిగ్గా ఆ కిటికీ ఎదుట. ఆ ఎండ గతేమిటో ఒక్కసారైనా ఆలోచించావా? ఆలోచించి ఉండవు. సూదికి మెరుగులు దిద్దుకోవడంలో నీకు తీరికెక్కడిది.

వచ్చే ఆదివారం పత్రికలో నేను రాసే శీర్షికలో దీని సంగతి తేలుస్తాను. ముందే చెబుతున్నాను. వెనక నుంచి పొడిచానని తర్వాత ఏడవకు.

నీ బావ


జనవరి 20

బావగారికి నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తరు. ఎత్తినా "ఇక్కడెవరూ లేరు" అని పెట్టేస్తారు. ఫోనులో తిడితే గాలిలో కలిసిపోతుంది, కాగితం మీద తిడితే నిలుస్తుంది అని ఒకసారి మీరే అన్నారు. అందుకని ఈ ఉత్తరం.

పోస్టాఫీసు పడగొట్టాలని నిర్ణయించింది నేను కాదు. నేను పని ఒప్పుకునేసరికే అది కాగితం మీద కూలిపోయింది. నేను కాకపోతే ఇంకొకరు వచ్చేవారు. ఈ మాట మీకు నచ్చదు, నాకూ నచ్చలేదు. గుమ్మం ముందు మీరు వేయించిన నల్లరాళ్లు మాత్రం పగలకుండా తీయించి దాచాను. కొత్త మేడ వాకిట్లో పరిపిస్తాను.

మేడను మీ ఇష్టం వచ్చినట్టు తిట్టండి. అద్దాలను తిట్టండి, వాకిలిని తిట్టండి, నన్ను తిట్టండి, అలవాటే. సూది జోలికి మాత్రం వెళ్లకండి. బతిమాలుతున్నాననుకోండి.

అక్క బల్ల ఇంకా పడమటి కిటికీ దగ్గరే ఉందా? ఈ నెలలో ఎండ బల్ల మీద ఎక్కడిదాకా వస్తోంది? కిటికీ గట్టుకూ బల్ల అంచుకూ ఎంత దూరమో కొలిచి రాస్తే మేలు. బల్ల ఎటూ జరపవద్దని అక్కతో చెప్పండి.

ఇది ఇంటి ఉత్తరం. నేను ఇంతకు ముందు పనిచేసిన ఆఫీసు కట్టిన గ్రంథాలయం పైకప్పు కారుతోందని మీకొకసారి ఇంటి ఉత్తరమే రాశాను. అది మీ శీర్షికలో అచ్చయింది. ఆ ఆఫీసులో నా కుర్చీ పోయింది. మీరు దాన్ని నిజాయితీ అన్నారు.

అక్కకు నా నమస్కారాలు.

మీ బావమరిది


ఫిబ్రవరి 2

బావమరిదీ,

కొలిచి రాయాలా? దొంగ ముందుగా ఉత్తరం రాసి తాళం కొలత అడిగినట్టుంది. నా ఇంట్లో బల్ల ఎక్కడుండాలో నీ ఆఫీసు నిర్ణయిస్తుందా? ఎంత ఎండ మిగిలిందో తెలిస్తే ఎంత మింగవచ్చో లెక్క వేసుకుందామనా? రాసుకో: ఎండ బల్ల దాటి, మంచం దాటి, నా పుస్తకాల బీరువా దాకా వస్తుంది. నోరు ఎంత తెరవగలవో తెరువు.

మీ అక్క ఊరుకోలేదు. అట్టలు కొలిచే టేపు తీసి, గట్టు మీద ఒక చెయ్యి పెట్టి, తడుముకుంటూ కొలిచింది. "మూడున్నర అడుగులు. రాయండి" అంది. రాయనన్నాను. "వాడు ఊరికే అడగడు" అంది. ఎందుకు అడిగాడో నాకు తెలుసన్నాను. "మీకు అన్నీ తెలుసు, అదే కదా మన గొడవ" అంది. పక్కనే నిలబడి కలం చప్పుడు వింటోంది గనక రాస్తున్నాను: మూడున్నర అడుగులు. ఏం చేసుకుంటావో చేసుకో.

ఇక ఆ నల్లరాళ్లు. నా గుమ్మాన్ని పీకి నీ ఆసామి చెప్పుల కింద పరుస్తావు, అది నాకు సన్మానం! ఆ రాళ్ల కోసం నేను గనికి వెళ్లి ఒక్కొక్కదాన్ని తట్టి మోగించి ఏరుకున్నాను. మట్టిలో పూడ్చేసినా బాధపడేవాణ్ని కాదు.

నా మొదటి వ్యాసం వచ్చింది. మా సంపాదకుడు, ఆ కత్తెర మనిషి, సగం కోసేశాడు. అయినా ఊరు కదిలింది. కదలనివాడు ఒక్కడే, పొడుం డబ్బా. వాడు నీకు గుర్తుండే ఉంటాడు. కాలేజీలో నా కింద పనిచేసి, గుమ్మటాల మీద నేను చెప్పిన పాఠాన్నే పుస్తకంగా వేసుకుని, ముందుమాటలో నాకు కృతజ్ఞత కూడా రాయనివాడు. వాడిప్పుడు పోటీ పత్రికలో నీ సూదిని ఆకాశం మీద సంతకం అన్నాడు. వాడు మెచ్చుకున్నది ఏదైనా సరే, కారణం అడగకుండా పడగొట్టవచ్చు.

సూది జోలికి వెళ్లవద్దట. ఎందుకు వెళ్లకూడదు? నేను నీకు వంకరగీత గీస్తే వేళ్ల మీద కొట్టిన మనిషిని. నాతో బతిమాలడం కాదు, వాదించు. సూదికి పనేమిటో ఒక్క వాక్యంలో రాయి. ఆ వాక్యం నిలబడితే నోరు మూసుకుంటాను.

బావ


ఫిబ్రవరి 15

బావగారికి,

ఒక్క వాక్యం అడిగారు. ఆ ఒక్కటే రాయలేను. రాస్తే అది మీ బల్ల మీద ఆగదు. అక్కకు చెబితే మీకు చెప్పినట్టే, మీకు చెబితే ఊరంతా చాటినట్టే.

సూదికి పని ఉంది. నన్ను నమ్మండి. కారణం చెప్పలేను.

మార్చి మొదటి వారంలో కట్టడాల కమిటీ విచారణ పెట్టింది. మీరు వెళతారని తెలుసు, వెళ్లండి. మేడ మొత్తం వద్దని వాదించండి. మొత్తం ఆపించగలిగితే ఆపించండి, నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ సూదిని ఒక్కదాన్ని విడదీసి వద్దనకండి. ఉంటే రెండూ ఉండాలి, పోతే రెండూ పోవాలి. ఇంతకన్నా విప్పి చెప్పడం నా చేతిలో లేదు.

ఈ ఉత్తరం పత్రికకు ఎక్కకూడదు. అక్క మీద ఒట్టు.

కొలత అందింది. అక్కకు చెప్పండి.

మీ బావమరిది


మార్చి 6

బావమరిదీ,

నీ సూది విరిగింది.

విచారణకు నువ్వు రాలేదు. నువ్వు వస్తావనీ, ఎదురెదురుగా నిలబడతామనీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. నీ ఆసామి ఒక లాయరును పంపించాడు. పాపం, ఆ లాయరుకు శిఖరానికీ గొడుగుకూ తేడా తెలియదు.

జరిగింది చెబుతాను, విను. విచారణకు ముందు ఆదివారం నీ మాటలు వేశాను. పేరు లేదు, చుట్టరికం లేదు, ఒట్టు మాట లేదు. "సూదికి పని ఉంది, నన్ను నమ్మండి, కారణం చెప్పలేను" అని ఆ మేడ గీసినాయనే రాశాడని వేశాను. అది చాలు. బస్సులో, మంగలి షాపులో, బ్యాంకు వరసలో అదే మాట. పిల్లవాడికి లెక్క తప్పు వచ్చినా "కారణం చెప్పలేను, నన్ను నమ్మండి" అంటున్నాడట. ఒట్టు వేయించుకోవడం పిరికివాళ్ల పని. ఊరి ఆకాశం నీ ఇంటి రహస్యం కాదు.

కమిటీ హాలు కిక్కిరిసిపోయింది. అధ్యక్షురాలు రిటైరైన జడ్జీ, వినడం తెలిసిన మనిషి. మేడ మొత్తం వద్దని మొదలుపెడితే ఆమె చెయ్యెత్తింది. "మేడకు అనుమతి ఎప్పుడో ఇచ్చేశాం. దాని రూపం గురించి చెప్పండి" అంది. సరేనని సూదిని పట్టుకున్నాను. గంటలు, ఓడలు, పిడుగులు, అన్నీ చెప్పాను. చివర లాయరు వైపు తిరిగి అడిగాను: "బాబూ, ఆ సూది ఏం పని చేస్తుంది?" అతను కాగితాలు తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు. "అందంగా ఉంటుందండీ" అన్నాడు. హాలు గొల్లుమంది. అధ్యక్షురాలు కూడా పెదవి కొరుక్కుంది.

తీర్పు అక్కడే ఇచ్చారు. మేడ ఉంటుంది, ఇచ్చిన ఎత్తు ఉంటుంది, పనిలేని శిఖరం తీసేయాలి. జనం నాతో చేతులు కలిపారు. పొడుం డబ్బా చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగి పక్క గుమ్మంలోంచి జారుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత నా మాట ఒక కట్టడాన్ని తాకింది. అది నాకెంత తృప్తో నీకు తెలియదు.

ఇంటికొచ్చి మీ అక్కకు చెప్పాను. ఆమె కుట్టు ఆపలేదు. "వాడు వద్దన్నాడు కదా" అంది. అంతే. ఆ రోజు నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. మీ వంశమంతా మౌనంతో కొట్టే రకం.

బావ


మార్చి 21

బావా,

గౌరవాలన్నీ ఈ ఉత్తరం నుంచి తీసేశాను. వెతుక్కోవద్దు.

ఒక్క వాక్యం కావాలన్నావు కదా. ఇదిగో: ఆ సూది అక్క బల్ల మీది ఎండ.

అర్థం కాలేదా? నువ్వు పాఠాలు చెప్పినవాడివి కదా, నీకు పాఠం లాగే చెబుతాను. మీ ఊళ్లో మేడకు ఇచ్చే ఎత్తు, సూది ఉంటే దాని కొస దాకా లెక్క. ఆ ఎత్తును అంతస్తులతో నింపుకోవచ్చు, ఉత్త సూదితోనూ నింపుకోవచ్చు. ఆసామికి కావలసింది అందరికన్నా ఎత్తు. అంతా అంతస్తులే కడతానని కూర్చున్నాడు. ఏడాది పాటు వాడి చుట్టూ తిరిగాను. పైన సన్నగా ముగిస్తేనే హుందాతనం అన్నాను. సూది ఉంటే విమానంలోంచి చూసినా నీ మేడే అని గుర్తుపడతారన్నాను. వాడి పేరు చెప్పి పొగిడాను, నవ్వాను, వాడి చెయ్యి భుజం మీద వేయించుకున్నాను. నువ్వు మెట్ల కమ్మీ అన్నది ఆ చెయ్యినే. ఆ సూది నాకూ నచ్చదు. నచ్చాల్సిన పని లేదు.

మేడ కప్పు నేను గీసిన చోట ఆగి ఉంటే, మధ్యాహ్నం సూర్యుడు దాని మీదుగా వచ్చి అక్క గదిలో పడేవాడు. సూది నీడ గడియారం ముల్లులా ఆ బల్ల మీద ఒకసారి పాకి వెళ్లిపోయేది. కొలత అందుకే అడిగాను. ఎండ బీరువా దాకా వస్తుందని నువ్వు వెక్కిరిస్తూ రాశావు. ఆ కిటికీ కింద నాలుగేళ్లు చదువుకున్నాను. ఎండ ఎక్కడిదాకా వస్తుందో నీ కన్నా నాకు తెలుసు.

ఒక ఇంటి కిటికీ కోసం మేడనే కుదించానని ఆసామికి తెలిస్తే మరుక్షణం నన్ను గెంటేస్తాడు. అందుకే రాయలేదు. అయినా గెంటేశాడు. "కారణం చెప్పలేను" అని నేను రాసిన మాట పత్రికలో చూసి, నా దగ్గర దాస్తున్న కారణమేమిటని నిలదీశాడు. విచారణకు వెళ్లవద్దన్నాడు. తీర్పు రాగానే పని చేతుల్లోంచి లాక్కున్నాడు. ఇప్పుడు గీస్తున్నది నీ పొడుం డబ్బా శిష్యుడు. ఎత్తు అలాగే ఉంది కదా, సూది చోట అంతస్తులు గీశాడు. మీ తీర్పులోనే ఉంది: ఇచ్చిన ఎత్తు ఉంటుంది. నువ్వు హాల్లో నిలబడి ఆ మాట విన్నావు, ఇంటికొచ్చి నాకు రాశావు కూడా. ఆ ఎత్తును దేనితో నింపుతారో నీకు తట్టలేదా? ఇన్ని బీరువాల పుస్తకాలు చదివావు, ఆ అనుమతి కాగితం తెరిచి చూడలేదా?

అక్కను మా ఇంటికి రమ్మని ఎన్నిసార్లు పిలిచానో. మా ఇంటి మేడ మీది గదిలో పొద్దు కుంగేదాకా ఎండ. ప్రతిసారీ ఒకటే జవాబు: "ఆయన్ని వదిలి ఎలా వస్తానురా." నిన్ను వదిలి రానంది గనకే ఎండను అక్కడికి తేవాలని చూశాను.

నీ కోపం సూది మీద కాదు. పోస్టాఫీసు మీద. "నా పోస్టాఫీసు పడగొడుతుంటే నువ్వెలా చూస్తూ ఊరుకున్నావురా" అని ఒక్కసారి మొహాన అడిగి ఉంటే చెంప చూపించేవాణ్ని. అది అడగడం నీకు నామోషీ. దాని బదులు సిద్ధాంతం చెప్పావు. గంటలు, ఓడలు, పిడుగులు.

ఇది అచ్చు వేసుకో. నా దగ్గర పోగొట్టుకోవడానికి ఇంకేమీ లేదు. ఒట్టు మాట కూడా వెయ్యి, ఈసారి కత్తిరించకుండా.

—


ఏప్రిల్ 4

బావమరిదీ,

నా తప్పు ఒప్పుకుంటూ రాస్తానని ఎదురుచూస్తున్నావేమో. చూస్తూ ఉండు.

నీ ఉత్తరం వచ్చింది. ఈ ఇంట్లో ఉత్తరం వస్తే మీ అక్కకు నేను పైకి చదవాలి, అది రివాజు. కవరు చించి, "బావా" అన్న చోటే గొంతు తగ్గించాను. "ఏమన్నాడు?" అంది. "ఏదో వాగాడు" అన్నాను. "ఆ వాగుడే చదవండి" అంది. రెండో వాక్యం దగ్గర ఆగాను. "ఆపకండి." పొడుం డబ్బా దగ్గర ఆగాను. "ఆపకండి అన్నానా?" నువ్వు నన్ను తిట్టిన ప్రతి మాటా నా నోటితో నేనే చదివాను. ఇంతకన్నా పెద్ద శిక్ష నువ్వు ఆలోచించి కూడా వేయలేవు, కాబట్టి సంతోషించు.

చదవడం అయ్యాక ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టింది. అయితే నన్నొక్కణ్నే కాదు.

"వాడేమో నాకోసం మేడ గీస్తాడు. మీరేమో నా ఎండ కోసమని మేడ మీద యుద్ధానికి పోతారు. నాకు కళ్లు తగ్గాయి గానీ నోరు పడిపోలేదే. నన్నెవరైనా ఒక్కమాట అడిగారా?"

"ఏం కావాలి నీకు?" అన్నాను.

"ఇప్పుడా అడిగేది!" అని టేపు బల్లకేసి కొట్టింది. ఆమె వస్తువు విసరడం నేనెప్పుడూ చూడలేదు. తన పనిముట్టును అసలే విసరదు.

మర్నాడు కమిటీ ఆఫీసుకు వెళ్లాను. అవును, నేనే వెళ్లాను. సూది పెట్టించండి, అంతస్తులు తీయించండి అన్నాను. కౌంటరు వెనక గుమాస్తా నా మొహం గుర్తుపట్టాడు. లోపలికి వెళ్లి ఇంకో ముగ్గురిని పిలుచుకొచ్చాడు. "సార్, ఆ సూదికి పనేమిటి అని అడిగింది మీరే కదా? భలే అడిగారు సార్" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు. అది ఇంకా ఘోరం. తీర్పు తిరగదోడాలంటే కొత్త కారణం చూపించమన్నారు. ఒక ఆడమనిషి బల్ల మీది ఎండ అని చెప్పాను. అది కారణాల కింద రాదట. కుర్చీ తన్ని వచ్చాను. కాలు వాచింది.

అయినా అడుగుతున్నాను, నీకు బుద్ధి ఉందా? నేను వాగుడుకాయనే, ఒప్పుకుంటాను, అందులో కొత్తేముంది? అది తెలిసీ సగం రహస్యం నా చేతికెందుకిచ్చావు? మొత్తం చెప్పాల్సింది, లేదా అసలు రాయకుండా ఉండాల్సింది. "కారణం ఉంది, చెప్పలేను" అని నాలాంటివాడికి రాయడమంటే కుక్క ముందు బంతి విసిరి పట్టుకోవద్దనడమే.

మీ అక్క గురువారం రైలుకు నీ దగ్గరికి వస్తోంది. కుట్టిన పుస్తకాలను అదిమే నొక్కుడు మరను, దారాలను, జిగురు గిన్నెను పెట్టెల్లో సర్దించింది. "చూపు పూర్తిగా పోయేలోపు కుట్టాల్సినవి ఉన్నాయి. వెలుతురు ఎక్కడుంటే అక్కడికి పోతాను" అంది. ఎన్నాళ్లకు తిరిగొస్తావని అడిగాను. మేడను చూపించింది. ఇప్పటికి మా కిటికీలో సగం దాకా వచ్చింది. పైన క్రేను తిరుగుతోంది.

నేను రానక్కర్లేదట.

బావ


ఏప్రిల్ 19

బావగారికి,

అక్క క్షేమంగా చేరింది. నొక్కుడు మరను మేడ మెట్లు ఎక్కించేసరికి ఇద్దరు కూలీలు నన్ను నానా మాటలు అన్నారు. మొదటి రోజు బల్లను కిటికీ కింద నేనే వేశాను, అక్క చేత్తో తడిమి, "ఎవరు వెయ్యమన్నారు ఇక్కడ?" అని గోడవైపు జరిపించింది. ఇప్పుడు బాగుంది. నేను వేసిన చోట ఎండ ఎక్కువై కళ్లు చెదిరేవట.

నాతోనూ మాట్లాడడం లేదు. నా భార్యతో మాట్లాడుతుంది, నా భార్య నాతో చెబుతుంది. "వాడు ఏడాది పాటు నా కిటికీని ఊరికి తెలియకుండా దాచాడు. నాకు తెలియకుండా కూడా ఎందుకు దాచాలి?" అందట.

మీ నిఘంటువును సగం కుట్టి వదిలేసి వచ్చిందట. మిగతా సగం కుట్టి పంపించవచ్చు కదా అని నా భార్య అంటే, "ఆ సగంలోని మాటలు ఆయన ఎటూ వాడరు" అందట.

నాకు వేరే ఆఫీసులో పని దొరికింది. చిన్నది. మేడలు ఉండవు, బస్ స్టాపుల షెడ్లు. ఈ సంగతి అచ్చు వేసుకోవచ్చు.

బావమరిది


జూన్ 12

బావమరిదీ,

కొత్త అంతస్తులు కప్పు దాకా వచ్చేశాయి. మా గదిలోకి మధ్యాహ్నం ఎండ రావడం మానేసింది. ఇప్పుడు భోజనం కాగానే దీపం వేస్తున్నాను. ఆ వెలుతురులో చదవగలను గానీ ప్రతి పేజీ పసుపుపచ్చగా, జబ్బు మనిషిలా ఉంటుంది.

పొడుం డబ్బా మళ్లీ రాశాడు. సూది తీసేశాక మేడ నిరాడంబరంగా, నిండుగా ఉందట. ఆకాశం మీద సంతకం అన్న నోటితోనే! నాకు ఒళ్లు మండి, సూదే మంచిదని, దాన్ని తీయించింది మూర్ఖులని వ్యాసం రాసి పంపించాను. కత్తెర మనిషి ఫోను చేశాడు. ఎత్తాను. "తీయించింది మీరే కదండీ, ఏమని వెయ్యమంటారు?" అన్నాడు. ఆ మూర్ఖుల్లో మొదటివాణ్ని నేనేనని వెయ్యి అన్నాను. జోకు అనుకుని నవ్వాడు. వేయలేదు. నా శీర్షిక మానేశాను. వాడు మానిపించాడని ఊరు అనుకుంటోంది. అనుకోనీ.

ఈ ఇంట్లో ఎవరితో పోట్లాడాలో తెలియడం లేదు. రేడియో వార్తలకు ఎదురు చెబుతున్నాను. రేడియో ఆగదు, తనకు తోచింది చెప్పుకుంటూ పోతుంది. నాతో ఇన్నేళ్లు కాపురం చేయడం ఎలా ఉంటుందో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

నీ ఉత్తరంలో ఒక్క మాటకు జవాబు ఇవ్వలేదు, ఇస్తున్నాను. పోస్టాఫీసు. అవును. నువ్వు దాన్ని పడగొట్టనన్నావని, పని వదులుకున్నావని ఎవరో వచ్చి చెబుతారని నేను చాలా రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. పత్రికలో ఫొటో వచ్చింది. ఇంకేమీ రాయను.

మీ ఇంట్లో కింద ఒక గది ఖాళీగా ఉందని మీ అక్క వెళ్లే ముందు ఎవరితోనో అంటుంటే విన్నాను. నేను అడగడం లేదు. నీ గడప తొక్కే ఉద్దేశం నాకు లేదు. ఉందా లేదా అన్నది మాత్రం తెలుసుకోవాలని ఉంది, ఎందుకంటే మీ అక్క అబద్ధం ఆడదు, నువ్వు ఆడతావు.

ఆమె పని ఎంతవరకు వచ్చింది?

బావ


జూన్ 21

బావగారికి,

గది ఉంది. ఖాళీగానే ఉంది.

మీకు రాసే ముందు ఈసారి అక్కను అడిగాను. ఎండలో కూర్చుని ఎవరిదో పాత భూగోళం పుస్తకం కుడుతోంది. దారం తెంపి, "రమ్మను. మేడ మెట్లు ఎక్కకూడదని చెప్పు. నేను పిలిచినప్పుడు ఎక్కవచ్చు" అంది. బల్ల జరిపించిన రోజు తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అదే.

గది సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత పత్రికలో రాయకుండా. వెనకవైపు గది. కిటికీ ఉంది, అది తెరిస్తే పక్కింటి గోడ. మిట్టమధ్యాహ్నం కూడా దీపం వేసుకోవాలి. పుస్తకాలు ఒక బీరువాకు మించి పట్టవు. మీ మీద నా కోపం తగ్గలేదు, తగ్గే సూచన కూడా కనిపించడం లేదు. స్టేషనుకు రాను, ఆటోలో రండి.

ఇంకో గది అడగవద్దు. ఈ ఇంట్లో ఎండ వచ్చే గది ఒక్కటే. అది అక్కది.

బావమరిది